‘ఇది కుండ కాదు’ – టీకా తాత్పర్య సహితం

అవతారిక: నందికొండ కింద, చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల ద్రాక్షతోటల నడుమ ఫామ్‌హౌస్‌లు మొలుస్తున్నాయి. అలాంటి ఒక ఇంటి హాల్లో గాజు బీరువా ఉంది. అందులో దీపాలు, దీపాల కింద స్వీడన్, డెన్మార్కుల నుంచి వేలంలో పాడి తెప్పించిన పింగాణీ పాత్రలు. అన్నీ 1940లు, 50ల నాటివి. బీరువాకు బిగించిన ఇత్తడి రేకు మీద ఇంటాయన స్వయంగా రచించి చెక్కించిన సూత్రత్రయమే మనకు మూలం.

మూలం: ‘ఇది కుండ కాదు. ఉత్తర దేశపు మౌనం. తాకరాదు.’

టీక: మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు కోలాచలం మల్లినాథసూరి. ఆయనకు కాళిదాసు దొరికాడు. నాకు ఇత్తడి రేకు దొరికింది. ఆ ప్రతిజ్ఞ నన్ను కట్టడి చేయదు.

‘ఇది’ సుగమం. ‘ఉత్తర దేశపు’ స్పష్టం. ‘మౌనం’ గురించి ఇంటాయన మా కాఫీలు చల్లారేదాకా మాట్లాడారు కనుక నేను విడిచిపెడుతున్నాను.

‘కుండ కాదు’: ఇక్కడ ఆగాలి. కుండ లేకపోతే మన తర్కశాస్త్రమే లేదు. తార్కికుడి నోట మొదటి మాట ఘటం, రెండో మాట పటం. కుండ ఎలా పుట్టింది? కపాలాలు రెండూ, అంటే కుండ అర్ధభాగాలు, సమవాయి కారణం. వాటి కూడిక అసమవాయి కారణం. కుమ్మరి, కర్ర, చక్రం నిమిత్త కారణాలు. ఇంతవరకు నాకూ సమ్మతమే. తర్వాతే అసలు పేచీ. కర్ర కారణమే గాని కర్ర రంగు కారణం కాదట. కుమ్మరి కారణమే గాని కుమ్మరిని కన్న తండ్రి కాదట. అన్నిటికంటె ఘోరం గాడిద సంగతి. చెరువులోంచి మట్టి మోసుకొచ్చింది అదే. కుండకు ముందు అక్కడ నిలబడి ఉన్నదీ అదే. అయినా మట్టి బండిమీద కూడా రావచ్చు గనక గాడిదకు కుండతో సంబంధం లేదని తేల్చి, దానికి ‘అన్యథాసిద్ధం’ అని ఒక బిరుదిచ్చి పంపేశారు. ఈ తీర్పు మీద నాకు చదువుకునే రోజుల నుంచీ ఉక్రోషమే. పుట్టెడు మట్టి మోసి, చివరికి ఉదాహరణగా మాత్రమే మిగిలిన జీవి లోకంలో మరొకటి లేదు. పాల్కురికి సోమనాథుడు నయం. బసవపురాణంలో కుమ్మర గుండయ్య కుండ వాయిస్తే శివుడే దిగొచ్చి ఆడాడు. అక్కడ కుండకూ చోటుంది, కుమ్మరికీ పేరుంది. గాడిద ప్రస్తావన ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి.

ఇంతకీ ఎక్కడున్నాం? బీరువా దగ్గర.

పైఅరలో నిమ్మకాయంత జాడీ ఒకటుంది. మెడ సన్నం, నోట్లో పెన్సిలు కూడా దూరదు. గోధుమరంగు మీద వెంట్రుకల్లాంటి సన్నటి చారలు పైనుంచి కిందికి జారాయి. కుందేలు బొచ్చు మెరుగంటారు దాన్ని. సోంగ్ రాజుల కాలంలో చైనా కుమ్మరులు టీ గిన్నెల మీద తెచ్చిన మెరుపది. తార్కికులకు కుందేటి కొమ్ము అసలు లేని వస్తువుకు దృష్టాంతం. స్వీడన్‌వాళ్ళు కొమ్ము జోలికి పోకుండా బొచ్చుతో సరిపెట్టుకున్నారు, తెలివైనవాళ్ళు. పని మటుకు అద్భుతం. ఇందులో ఎకసెక్కమేమీ లేదు.

చేసినవాడు బెర్న్ట్ ఫ్రీబెర్గ్ (1899–1981). 1934లో స్టాక్‌హోమ్ దగ్గరి గుస్తావ్స్‌బెర్గ్ కర్మాగారంలో చేరాడు. అక్కడి కళాకారుడు విల్హెల్మ్ కోగె గీసిన బొమ్మలకు చక్రం మీద రూపం ఇవ్వడం ఆయన పని. పేరు కోగెది, చేతులు ఫ్రీబెర్గ్‌వి. సొంతపేరుతో చేయడానికి ఏళ్ళు పట్టింది. అంటే ఆయన కూడా కొంతకాలం అన్యథాసిద్ధుడే. ఈ సంగతి ఇత్తడి రేకు మీద లేదు.

‘తాకరాదు’: బాగేపల్లి సంతలో నీళ్ళకుండ కొనే ఇల్లాలు ముందు కుండను ఎత్తుతుంది. మెటికతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటుంది. ఖంగుమంటే సరే, బొంగురుపోతే పక్కన పెడుతుంది. అదీ వ్యాఖ్యానమంటే. ఈ ఇంటాయన పద్ధతి వేరు. ఎవరినీ తాకనివ్వరు. తాను మాత్రం తీసి తలకిందులు చేస్తారు. మెరుగు అంటని అడుగు వలయం, అందులో గీసిన పేరు, పక్కన చిన్న చేతిగుర్తు. ఆయన చదివేది అంతే. కుండ పైభాగాన్ని చూడగా నేను చూడలేదు.

ఆయనే సంతలో కుండ దగ్గర పది రూపాయలు తగ్గించమని ఎండలో నిలబడటం మాత్రం చూశాను. అక్కడ అడుగు తిప్పి చూడలేదు. చూసినా పేరుండదు. ఎదురుగా కూర్చున్నావిడను ‘నీ పేరేంటమ్మా’ అంటే చెప్పేది. అదీ అడగలేదు. బేరం కుదిరింది, కుండ కారెక్కింది.

మట్టి కాల్చే కర్మాగారం మన దగ్గరా ఉండేది. బెంగళూరులో మైసూరు ప్రభుత్వం పోర్సెలిన్ ఫ్యాక్టరీ పెట్టి కరెంటు స్తంభాలకు ఇన్సులేటర్లు చేయించింది. వాటినెవరూ బీరువాలో పెట్టలేదు. పాపం, వాటికి మౌనం లేదు కాబోలు.

తాత్పర్యం: ఆ ఇంటి గేటు దగ్గర ఒక పాత ఊరగాయ జాడీ ఉంది. పైసగం ఇటుకరంగు, కింద తెలుపు, మూతి ఒకచోట పెచ్చు లేచింది. అందులో గొడుగులున్నాయి, ఒక చీపురు కూడా. ‘మా అమ్మమ్మగారిది, చింతామణి నుంచి తెచ్చాం, పారేయలేక అక్కడ పెట్టాం’ అన్నారు ఇంటాయన. మంచం కోడంత బలమైన జాడీ. ఉప్పూ పులుపూ ఏళ్ళ తరబడి ఊరినా చెక్కుచెదరని మట్టి, గట్టి మంటలో కాల్చిన మట్టి.

ఇంక ఆ ఫ్రీబెర్గ్ సంగతి. ఆయన పుట్టింది దక్షిణ స్వీడన్‌లోని హోగనేస్‌లో. మండుతున్న బట్టీలోకి ఉప్పు చల్లితే ఆ ఆవిరి మట్టిలోని ఇసుకతో కలిసి గాజు పొరవుతుంది. అలా చేసిన గోధుమరంగు నిల్వ జాడీలకే ఆ ఊరికి పేరు. అంటే మన బీరువాలోని మౌనం పుట్టుకతో జాడీల ఊరిదే. వేలంపాట కేటలాగు చదివినవారికి ఆ ఊరి పేరు ఎలా తప్పిపోయిందో నాకు బోధపడలేదు. ఒకే జాతి పాత్ర, ఒకటి దీపాల కింద, ఒకటి చీపురుతో.

బాగేపల్లి, చింతామణి పెద్దలారా, మీ అటకల మీద జాడీలున్నాయి. పాత సామాను కొంటామని కార్లలో వస్తున్నారు. తొందరపడి ఇచ్చెయ్యకండి. ఫ్రీబెర్గ్ ఏ ఊరివాడో ముందు అడగండి. చెప్పలేకపోతే, ఈ ఏడు ఆవకాయ అందులోనే పెట్టండి.