వంకర సకినాలు

మా పాప చుట్టిన సకినాలు ఏడు. ఆ ఏడింటినీ నా చేత్తో నేనే చెరిపి, మళ్లీ పిండిముద్దలో కలిపేశాను. అది జరిగి రెండేళ్లయింది. ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తరు. పాప అసలే ఎత్తదు. అందుకే నేనే చెప్పుకోవాలి.

మేం ఉండేది కొత్తపేటలో, విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో. నా ఉద్యోగం అమీర్‌పేటలో. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక బస్సుల్లో నిలబడి పోయే బాధ తప్పింది. మిగిలిన ఆ గంట మాత్రం ఇంటికి రాలేదు, ఆఫీసే తీసుకుంది. పొద్దున ఎనిమిదింపావుకు గడప దాటితే మళ్లీ రాత్రి ఏడున్నరకే. పిల్లలకు సాయంత్రం తినడానికి పెట్టేవన్నీ కొన్నవే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ సందు మొదట్లో చూసినా ఒక స్వగృహ ఫుడ్స్ బోర్డు కనిపిస్తుంది. సకినాలు, చెక్కలు, అరిసెలు, సున్నుండలు, గవ్వలు, అన్నీ కిలోల లెక్కన దొరుకుతాయి. ఆ దుకాణాల మీద నాకే ఫిర్యాదూ లేదు. వాటి వెనక గదుల్లో పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్ల వల్లే మాలాంటి ఎన్నో ఇళ్లలో పండగ జరుగుతోంది. కానీ స్వగృహ అంటే సొంత ఇల్లు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు గుచ్చుకునేది.

అంతకంటే ఎక్కువ గుచ్చుకున్నది ఒక ఫొటో. అంతకుముందు సంక్రాంతికి మా తోటికోడలు తను చేసిన సకినాలను పెద్ద స్టీలు డబ్బాలో పేర్చి, ఫొటో తీసి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అన్నీ ఒకే సైజు, ఒకే తెలుపు. ఏడాది పొడుగునా ఆ డబ్బా నా కళ్లముందే ఉంది. పిల్లలకు ఇంటి తిండి పెట్టాలని నేను అనుకున్నది నిజమే. కానీ ఆ కోరిక కింద ఈ డబ్బా కూడా ఉంది. ఆ రాత్రి నా చేతిని నడిపించింది అదే.

'ఈసారి పండక్కి బయటి నుంచి ఒక్క పొట్లం కూడా రాదు' అని డిసెంబరులోనే ప్రకటించాను. నాలుగు కిలోల బియ్యం పోస్తానన్నాను. మా అత్తమ్మది సూర్యాపేట దగ్గరి పల్లె. ఆమె చుట్టిన సకినాలు పెళ్లిళ్లలో వియ్యాలవారికి వెళ్లేవి. ఇప్పుడామెకు వేళ్ల కీళ్లు వంగవు. నాలుగు కిలోలనగానే ఆమె నా వైపు చూసి, "ఎవరెవరిని పిలుస్తున్నవ్ బిడ్డా?" అంది. "ఎవర్నీ లేదు అత్తమ్మా, నేనే చేస్త" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు.

మొదటి తప్పు పిండితోనే జరిగింది. టైం కలిసొస్తుందని పొడి బియ్యప్పిండి ప్యాకెట్లు తెచ్చాను. నువ్వులు, వాము, ఉప్పు వేసి, నీళ్లు పోసి కలిపాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలి తిప్పబోతే పిండి సాగనే లేదు, పుటుక్కున తెగింది. గోధుమపిండిలో గ్లూటెన్ ఉంటుంది కాబట్టి నీళ్లు తగిలితే సాగుతుంది. బియ్యంలో అది లేదు. బియ్యప్పిండి మెలి తిరగాలంటే బియ్యం రాత్రంతా నానాలి, నీళ్లు వాడ్చాలి, బట్ట మీద నీడపట్టున కాసేపు ఆరాలి, చెమ్మ పోకముందే గిర్నిలో పడాలి. మా అమ్మ ఇంట్లో పదిహేనేళ్లు కళ్లారా చూసిన పని ఇది. తెలిసి కూడా ప్యాకెట్ కోశాను.

మళ్లీ బియ్యం నానబోశాను. మా సందులోని గిర్నిలో జనవరి రెండోవారం వచ్చిందంటే గిన్నెల వరసే. తడిపిండి రాళ్లకు అంటుకుంటుందని మా గిర్నాయన దానికి వేరే వేళ పెడతాడు. ఆ వేళకు నేను ఆఫీసులో ఉంటాను. సగం రోజు సెలవు పెట్టి వెళ్లి నిలబడ్డాను. ఆ వరసలో పై అంతస్తు ఆవిడ కలిసింది. వాళ్లది తెనాలి. చేతిలో అరిసెల బియ్యం. "మీరు మా అరిసెలకి రండి వదినగారూ, నేను మీ సకినాలకి వస్తాను" అంది. అరిసెలకు రెండు జతల చేతులు కావాల్సిందే. పాకం వచ్చాక ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు కలుపుతూనే ఉండాలి, పాకం ఎవరి కోసమూ ఆగదు. అదంతా తెలిసీ "పర్లేదండీ, నేను చేసుకుంటాను" అన్నాను. నావి నేనొక్కదాన్నే చేశానని చెప్పుకోవాలి కదా. ఆవిడ నవ్వు తగ్గించుకుని గిన్నె ముందుకు జరిపింది. ఆ రోజు ఆవిడకు సాయం పట్టడానికి కూడా వెళ్లలేదు నేను.

భోగికి ముందు శనివారం రాత్రి. ఆయన ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. ఊళ్లకు పోయే బస్సులూ కార్లతో ఎల్బీనగర్ చౌరస్తా నిండిపోయిందని, పంతంగి టోల్‌గేట్ దాకా బండ్లు బారులు తీరాయని టీవీలో చూపిస్తున్నారు. హాల్లో చాప వేసి, దాని మీద ఉతికిన పాత ధోవతి పరిచాను. ముందు పిండితో గౌరమ్మను చేసి పసుపుకుంకుమలు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఆ పని అత్తమ్మ తన వంగని వేళ్లతోనే చేసింది. తర్వాత కుర్చీలో కూర్చుని, "పిండి వేలికి అంటొద్దు, వేలిని ఇడవొద్దు. ఫ్యాన్ బంద్ చెయ్యి, పగుల్తయి" అంది. తొందరగా ఆరతాయని నేను ఫ్యాన్ ఆపలేదు.

ఒక్కో సకినానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. నాలుగు కిలోలంటే చిన్నగా చుడితే రెండువందల యాభైకి తక్కువ కావు. రెండువందల యాభై ఇంటూ రెండు, ఐదువందల నిమిషాలు. ఎనిమిది గంటలు దాటుతుంది. బ్యాంకు లెక్కలు చూసే ఉద్యోగం నాది. ఈ ఒక్క లెక్క ముందు వేసుకోలేదు.

తొమ్మిదిన్నరకు పాప వచ్చింది. అప్పుడు ఏడో తరగతి. జుట్టు పైకి ముడేసుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. "మమ్మీ, నేనూ చుట్టనా?"

"చుట్టు. నీట్‌గా రావాలె."

చుట్టింది. ఒకటి నత్తలా వచ్చింది. ఒకదాంట్లో లోపలి చుట్టు బయటి చుట్టు మీదికి ఎక్కింది. ఒకటి మధ్యలో తెగితే దాన్ని తమ్ముడి పేరులో మొదటి అక్షరంగా మార్చింది. నాలుక పళ్లతో పట్టుకుని, తల వంచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా గంటకు పైగా కూర్చుంది. ఏడు అయ్యాయి. నా వరసలు తిన్నగా ఉన్నాయి, ఆ ఏడూ బట్ట అంచున వంకరగా ఉన్నాయి. గడియారం పదీ నలభై చూపిస్తోంది. నా మనసులో స్టీలు డబ్బా.

"ఇవి నూనెలో విరిగిపోతయిరా. నువ్వు పోయి పడుకో" అన్నాను. అది అబద్ధం. వంకరగా ఉన్నంత మాత్రాన సకినం విరగదు. అంటూనే అరచేత్తో ఆ ఏడింటినీ ఒక్క ఊపులో దగ్గరికి లాగి, పిండిముద్దలో నొక్కేశాను.

పాప ఏడవలేదు. తన వేళ్లకంటిన పిండినీ నువ్వుల్నీ ఒకసారి చూసుకుంది. లేచి వెళ్లి చేతులు కడుక్కుంది. వంటింట్లో నల్లా శబ్దం చాలాసేపు వినపడింది.

"పిల్ల చేసింది ఎందుకు చెరిపినవ్ బిడ్డా?" అంది అత్తమ్మ.

"మీరు కూడా పోయి పండుకోండి అత్తమ్మా."

ఆమె కుర్చీ పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది. హాల్లో నేనూ ఫ్యానూ మిగిలాం.

చిన్నప్పుడు మా ఊళ్లో ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో సకినాలు చుట్టేవాళ్లు. ఎనిమిదిమందో పదిమందో బట్ట చుట్టూ కూర్చునేవాళ్లు. బట్ట మూల పిల్లలకు ఒక ముద్ద ఇచ్చేవాళ్లు. నావీ వంకరే. వాటిని ఎవరూ చెరపలేదు. నూనె కాగిందో లేదో చూడటానికి ముందు పిల్లలవే వేసేవాళ్లు. అందుకని మొదటి వాయి ఎప్పుడూ మాదే, వేడివేడిగా మా చేతుల్లోకే వచ్చేది. ఆ రుచి ఇంతకాలం మోసుకు తిరిగిన దాన్ని, నా బిడ్డ వంతు వచ్చేసరికి మొదటి వాయే లేకుండా చేశాను.

అంతమంది కూర్చోవడం కబుర్ల కోసమే అనుకునేదాన్ని. పిండికే అంతమంది కావాలని ఆ రాత్రి తెలిసింది. సకినం బట్ట మీద ఉన్నప్పుడు అందులోని నీళ్లు కొంత బట్ట పీలుస్తుంది, కొంత గాలికి పోతుంది. అలా సరిపడా గట్టిపడ్డాక తీస్తేనే చుట్టు చెదరకుండా చేతికొస్తుంది. పదిమంది కూర్చుంటే గంటలో అన్నీ పడతాయి, అన్నీ ఒకేసారి తీతకు వస్తాయి. నేనొక్కదాన్ని కూర్చుంటే అర్ధరాత్రికి చివరివరసలు తడిగా బట్టకు అంటుకుని ఉన్నాయి, ఫ్యాను కింది మొదటివరసలు ఎండి బీటలు వారాయి. తీయబోతే తడివి సాగి చెదిరాయి, ఎండినవి చేతిలోనే మూడు ముక్కలయ్యాయి. అత్తమ్మ చెప్పిన ఫ్యాను మాట అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి ఆమె గది లైటు ఆరిపోయి ఉంది. మిగిలిన పిండిని గిన్నెతో ఫ్రిజ్‌లో పెట్టేశాను. పాపవి ఏడూ ఆ ముద్దలోనే ఉన్నాయి.

రెండున్నరకు పొయ్యి ఆర్పాను. గంపనిండా ముక్కలు. చెదరనివి నలభై దాకా ఉంటాయి.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ముక్కలన్నీ డబ్బా అడుగున పోసి, పైన ఆ నలభై పేర్చి ఫొటో తీశాను. తెల్లారి గ్రూపులో పెట్టాను. తోటికోడలే అందరికంటే ముందు మెచ్చుకుంది. "ఒక్కదానివే ఇన్ని ఎట్ల చేసినవ్ అక్కా!" అని రాసింది. చిన్నోడు వాళ్ల నాన్న ఫోన్‌లో ఆ ఫొటో చూసి, "అడుగున అన్నీ ముక్కలే కదా మమ్మీ" అన్నాడు. పాప ఏమీ అనకుండా నా మొహం వంక చూసింది. ఆ చూపుకు ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు.

ముక్కలు పాడు కాలేదు. నెలంతా చాయ్‌తో తిన్నారు. రుచి బాగుందనే అన్నారు. పండగ సెలవులయ్యాక మా ఎదురుగా ఉన్న అమ్మాయిల హాస్టల్‌కు పిల్లలు తిరిగొచ్చారు. ప్రతి ఒక్కరి సంచిలో ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా. సాయంత్రం మెట్ల మీద కూర్చుని మూతలు తీసి ఒకరివొకరు తింటున్నారు. ఒకమ్మాయి డబ్బాలో సకినాలు పెద్దవీ చిన్నవీ, గుండ్రటివీ కోలవీ కలగలిసి ఉన్నాయి. ఎన్ని చేతులు పడ్డాయో దూరం నుంచే తెలుస్తోంది. మా డబ్బాలో ఒక్క చెయ్యే ఉంది.

మరుసటి ఏడాది కిలో బియ్యమే పోశాను. పై అంతస్తు ఆవిడ ఇంటికి నేనే ముందు వెళ్లి, ఆవిడ అరిసెల పాకంలో పిండి పోశాను. ఆవిడ మర్నాడు మా చాప మీద కూర్చుంది. అత్తమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఫ్యాన్ ఆపేశాం. పాపను పిలిచాను.

"నాకు రాదు మమ్మీ. మీరు చెయ్యండి" అంది.

కోపంగా అనలేదు. లెక్కల్లో ఒక చాప్టరు రాదన్నట్టు మామూలుగా అంది. 'రాదు' అన్న ఆ మాట తనకు నేర్పింది నేనే.

కొన్నాళ్లకు దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్ నుంచి తనను తీసుకొస్తూ మెట్రోలో చెప్పాను. "ఆ రోజు నువ్వు చుట్టినవి చెరపడం నా తప్పు నాన్నా. విరుగుతయని అబద్ధం చెప్పిన." కిటికీలోంచి చైతన్యపురి లైట్లు చూస్తూ, "ఏవి?" అంది. నిజంగా మరిచిపోయిందో, నన్ను ఆ మాట నుంచి తప్పించిందో తెలియలేదు. మా స్టేషన్ వచ్చింది, దిగాం.

ఈ సంక్రాంతికి మళ్లీ కిలోనే. చాప మీద నేను, పై అంతస్తు ఆవిడ, ఈసారి కింది ఇంటి కొత్త కోడలు కూడా. రాత్రి తొమ్మిది దాటాక పాప నీళ్ల కోసం గదిలోంచి వచ్చింది. ఇప్పుడు నా భుజం దాకా పెరిగింది. గ్లాసు పట్టుకుని మా వరసల వంక చూస్తూ నిలబడింది. నేను పిలవలేదు. పిలవాలంటే గొంతు పెగల్లేదు. అత్తమ్మ కుర్చీలోంచి వంగి, గిన్నెలోంచి చిన్న ముద్ద తీసి బట్ట మూలన పెట్టింది. ఎవరికోసమో చెప్పలేదు, పాప వైపు చూడను కూడా లేదు.

పాప నీళ్లు తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. ఇంకాసేపు నిలబడి, రేపు టెస్టుందని లోపలికి వెళ్లింది. తలుపు వెయ్యలేదు.

ఆ ముద్ద ఎండిపోకుండా దాని మీద తడిగుడ్డ కప్పాను.