క్యాబినెట్టు పద్యానికి పెనుకొండ వ్యాఖ్య

గాజుతలుపు మెరయు గాలిపంకలు మూడు
రంగులేడు మార్చు రాత్రి పగలు
పవరుసప్లయొకటి పైసలేకయె వచ్చు
క్యాబినెట్టు కొనుము కాంతులీన

అవతారిక: కంప్యూటరు క్యాబినెట్ల ప్రకటనలన్నిటినీ వడగట్టగా మిగిలిన సారం ఈ ఆటవెలది. ప్రతిపదార్థం: గాజుతలుపు = లోపలి సరుకు చూసేవాళ్లకు కనబడుటకై పక్కన బిగించిన టెంపర్డ్ గ్లాసు; మెరయు గాలిపంకలు మూడు = ఆర్‌జీబీ లైట్లు గల 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు; రాత్రి పగలు = కరెంటున్నంతసేపు అని గ్రహించాలి; పవరుసప్లయి = అంగళ్ల వాడుకలో ఎస్‌ఎంపీఎస్; పైసలేకయె = ధరలో కలిపి; కాంతులీన = వెలిగేది పెట్టెయా, కొన్నవాడి ముఖమా అన్నది సందిగ్ధం. తాత్పర్యం సుగమం.

విశేషం మాత్రం సుగమం కాదు. మూలంలో లేనిది రాయనని కొలచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆ నియమం ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఈ పద్యంలో అసలు సంగతి అంతా చెప్పనిదానిలోనే ఉంది. కారకాలు వెతకండి. కర్త ఫ్యాన్లు, కర్మ గాలి. ఆ గాలి ఎక్కడి నుండి? పంచమీ విభక్తి లేదు. అధ్యాహారం చేసుకుందామని పెట్టె ముందుకు వెళితే అక్కడా నున్నటి గాజుపలకే, అంచున సన్నటి సందు. ముందున్న ఫ్యాన్లు ఆ సందు దగ్గరే ఊపిరాడక తిరుగుతుంటాయి. ఇది అలంకార దోషమైతే వదిలేయవచ్చు, లెక్క ఒప్పుకోదు. గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరు గట్టిగా పనిచేసేటప్పుడు 300 వాట్ల వేడి పుట్టిస్తుందనుకుందాం. పెట్టెలోంచి సెకనుకు సుమారు 26 లీటర్ల గాలి సాగితే, బయటికొచ్చే గాలి గది కంటే 10 డిగ్రీలు వేడెక్కి ఉంటుంది. దారి ఇరుకై గాలి సగమైతే ఆ 10 కాస్తా 20. చల్లటి ఏసీ గదిలో ఈ తేడా ఎవరికీ పట్టదు. ఏప్రిల్ మధ్యాహ్నం పెనుకొండలో 36 ఉన్న గదిలో గాలి ఆడే పెట్టె 46 దగ్గర, ఇరుకు పెట్టె 56 దగ్గర నిలుస్తాయి. పెట్టెలో గాలి వేడెక్కిన కొద్దీ ప్రాసెసరూ వేడెక్కుతుంది; చాలా ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటాయి కనుక, ఇక్కడ ఆ పది డిగ్రీలే పనికీ నత్తనడకకీ మధ్య ఎడం.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: ముందు జాలీ పెడితే మా ఊరి దుమ్మంతా లోపలికే గదా, మూసిన పెట్టే మేలు గదా అని. దుమ్ము మాట నిజమే. నైరుతి రుతుపవనం పడమటి కనుమల మీదే వాన కురిపించేసి, ఇటువైపు గాలిని మాత్రం పంపుతుంది. ఆ గాలిని నమ్మే రామగిరి గుట్టల మీద గాలిమరలు నిలబెట్టారు. మరలు తిప్పే గాలే ఎర్రమట్టినీ మోసుకొస్తుంది. ధర్మవరం మగ్గాల ఇళ్లలోనైతే పట్టు నూగు అదనం. అయినా సిద్ధాంతం వేరు. మూసిన పెట్టె గాలి పీల్చడం మానదు, దొంగదారి పడుతుంది. వెనక ఫ్యాను గాలిని బయటికి తోసేకొద్దీ లోపల పీడనం తగ్గి, కార్డుల సందుల నుంచి, స్క్రూ రంధ్రాల నుంచి, తలుపు అంచుల నుంచి వడకట్టని గాలి దూరుతుంది. అదే ముందు జాలీ, దాని వెనక ఫిల్టరు, పీల్చేవి రెండు, వదిలేది ఒకటి పెట్టి చూడండి. లోపలి పీడనం పెరిగి ఆ సందులన్నీ గాలి బయటికి పోయే దారులవుతాయి. దుమ్ములో చాలా భాగం ఫిల్టరు దగ్గరే ఆగుతుంది. కాబట్టి మూడు అన్న సంఖ్యలో దోషం లేదు, అన్వయంలోనే ఉంది. ఒక్క షరతు: ఫిల్టరు చేత్తో లాగితే ఊడిరావాలి. ఊడిరాని ఫిల్టరు జూన్ గాలికి నెల తిరక్కుండా గోడవుతుంది.

పక్క తలుపు తీసేసి టేబుల్ ఫ్యాను పెడితే పోలా అన్నది రెండో పూర్వపక్షం; శాస్త్రంలో లేకపోయినా ఆచారంలో బలంగా ఉంది. వేడి తగ్గుతుంది, కాదనలేం. కానీ తీసేయడానికే అయితే గాజుతలుపుకు డబ్బెందుకు? మూలంలోని మొదటి పదమే వ్యర్థమై, బల్లికి ప్రవేశం దొరుకుతుంది. ఎయిర్ కూలరు ఉంది గదా అనేవారికీ జవాబు ఇదే దారిలో ఉంది: ఎండు గాలి కనుక ఇక్కడ కూలరు బాగా పనిచేస్తుంది, 36ను తగ్గిస్తుంది, పెట్టె తన ఇరుకుతనం వల్ల కలుపుకునే ఆ పదిని అది తాకలేదు.

అందం అక్కర్లేదా అని రసజ్ఞులు అడగవచ్చు. జవాబు పెనుకొండలోనే ఉంది. 1565 యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు మార్చుకున్నారు. వాళ్ల వేసవి విడిది గగన్ మహల్ ఇప్పటికీ నిలబడి ఉంది. దాని ముఖానికి శోభ తెచ్చేవి ఆర్చీలు, అంటే తెరిచి ఉంచిన చోట్లు. గాజును పక్కన పెట్టుకుంటే అభ్యంతరం లేదు. ముఖాన పెట్టడమే దోషం.

మూడో పాదం ప్రక్షిప్తమని నా నిర్ణయం. ఊరికే వచ్చే ఎస్‌ఎంపీఎస్ చీటీ మీది వాట్లను నమ్మి గ్రాఫిక్స్ కార్డు తగిలించకూడదు. మంచిది విడిగా కొని అడుగున బిగించినా, అది నేలవైపు నుంచి గాలి పీల్చేది గనుక పెట్టెకు కాళ్లు ఎత్తుగా ఉండాలి, కింద మరో ఫిల్టరు ఉండాలి. ఇక మొదటి పాదానికి ఈ పాఠాంతరం సూచిస్తున్నాను:

జాలిముఖము, కడుగ జల్లెడొక్కటి చాలు

యతి కుదిరింది. రెండో పాదాన్ని ఉన్నదున్నట్టు ఉంచినా నష్టం లేదు; రంగుల లైట్లు ఆర్పడానికి మీట ఉంటుంది.