అడిగి పోగొట్టుకున్న దారులు

మోరోవిండ్ అనే వీడియో గేమ్ ఆడే రోజుల్లో నోట్‌బుక్ చివరి పేజీల్లో ఆ ఆటకి సవరణలు రాసుకునేవాణ్ణి. తర్వాతి ఆటలో ఏం మార్చాలి, ఏం తీసేయాలి, కొత్తగా ఏం పెట్టాలి అని. ఎవరికీ పంపలేదు. 2006లో అదే ఎల్డర్ స్క్రోల్స్ వరసలో ఆబ్లివియన్ వచ్చింది. చూస్తే నేను రాసుకున్నవి దాదాపు అన్నీ అందులో ఉన్నాయి. నాలాగే కోరుకున్నవాళ్లు చాలామంది ఉండి ఉంటారు. పొంగిపోయాను. ఆ పొంగు తొందరగానే చల్లారింది. ఎందుకు చల్లారిందో తెలుసుకోవడానికి మాత్రం ఏళ్లు పట్టింది. ఆ ఆటలో నాకు నచ్చుతున్నదేమిటో తెలుసుకోకుండానే దాన్ని బాగుచేయబోయాను. నా తెలివితక్కువతనం అక్కడుంది.

మొదటి సవరణ కత్తి గురించి. 2002లో వచ్చిన మోరోవిండ్‌లో కత్తి ఎదుటి ప్రాణికి తగిలినట్టే కనబడుతుంది, దెబ్బ మాత్రం ఒక్కోసారి పడదు. లోపల పాచికల లెక్క నడుస్తుంది. ఆ ఆయుధంలో మన పాత్రకున్న నేర్పు, చురుకుదనం, అదృష్టం, వాటితో పాటు ఒంట్లో మిగిలిన ఓపిక. తెర అడుగున కనిపించే ఆకుపచ్చ గీతే ఆ ఓపిక. పరిగెత్తేకొద్దీ అది తరిగిపోతుంది. నేనేమో ఊరి నుంచి ఊరికి పరుగే. గీత మొత్తం ఖాళీ అయ్యాక, నా పాత్ర ఎన్నడూ నేర్చుకోని కత్తి పట్టుకుని ఎలుకతో తలపడేవాణ్ణి. వేటు మీద వేటు గాలిలో పోతుంటే ఆటలోనే లోపముందని తేల్చేశాను. ‘కత్తి తగిలితే దెబ్బ పడి తీరాలి’ అని రాశాను. నిజానికి అడగాల్సింది వేరే ఉంది. తప్పిన వేటు తప్పినట్టు కంటికి కనబడాలి. ఎలుక పక్కకి దూకాలి, అలసిన చేతిలో కత్తి పట్టు తప్పాలి. లెక్కని అలాగే ఉంచి, దాన్ని చూపించే తీరు మార్చమని అడిగితే సరిపోయేది. అంతసేపు ఆలోచించే ఓర్పు నాకు లేకపోయింది.

దీనికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది రెండో సవరణ.

బాల్మోరా ఊళ్లో హాస్‌ఫాట్ అని ఒకాయన ఉంటాడు. ఆర్క్‌న్‌థాండ్ అనే పాడుబడ్డ కట్టడం ఉందట, డ్వెమర్ అనే ప్రాచీన జాతిది. అందులో ఒక చిన్న పెట్టె ఉంది, తెచ్చిపెట్టమంటాడు. మ్యాప్ మీద గుర్తు పడదు, ఎటు పోవాలో బాణం చూపదు. మాటల్లో చెప్పిన దారే ఆధారం. ఊరి బయట వంతెన, మూన్‌మాత్ కోట, కోట దాటితే ఎప్పుడో లావా పారి ఎండిపోయిన లోయ, ఆ లోయ మీద డ్వెమర్ల కాలం నాటి వంతెన. మన పల్లెల్లో దారి అడిగితే రావిచెట్టు దాటి చెరువుగట్టు ఎక్కమని చెప్పినట్టే ఉంటుంది. ఆ గుర్తులు మనసులో పెట్టుకుని, సందేహం వస్తే జర్నల్ తెరిచి చదువుకుంటూ, కొండనీ కోటనీ పోల్చుకుంటూ నడవాలి. తీరా చేరుకున్నాక గుండ్రటి తలుపు మూసి ఉంటుంది. దగ్గర్లో ఒక గొట్టానికున్న పిడి తిప్పితే అది తెరుచుకుంటుంది. లోపల చీకటి గదులు, దొంగలు, అరల నిండా పాత సామాను. పెట్టె చాలా చిన్నది. ఒక అర మీద కంటికి ఆనకుండా పడి ఉంటుంది.

ఆ పెట్టె కోసం తిరిగి తిరిగి విసిగిపోయిన రాత్రి రాశాను, ‘వెళ్లాల్సిన చోటు బాణం వేసి చూపించాలి’ అని.

ఆబ్లివియన్‌లో ఆ బాణం వచ్చింది. తెర అడుగున దిక్సూచి, దాని మీద గుర్తు. అది చూసుకుంటూ పోతే చాలు. దారిలో ఏ కొండ దాటానో, ఏ ఊరి పక్కగా వచ్చానో గుర్తుండేది కాదు. సరే, బాణం చూడకుండా ఆడదామని ప్రయత్నించాను. కుదరలేదు. ఎందుకంటే చాలా పనులకి దారి చెప్పే మనిషే లేడు. మ్యాప్ మీద గుర్తు పెట్టాను చూసుకో అంటారు, అంతే. పైగా ఆ ఆటలో ప్రతి సంభాషణా గొంతుతో రికార్డు చేసినదే. మోరోవిండ్‌లో ఎక్కువ భాగం చదువుకునే అక్షరాలే కాబట్టి దారి గురించి ఒక పేరా చెప్పినా బరువుండదు. పలికించాల్సి వచ్చినప్పుడు ప్రతి వాక్యానికీ ఖర్చుంటుంది. నేను బాణం ఒక్కటే అడిగాననుకున్నాను. తమ ఊరి చుట్టుపక్కల గురించి ఊళ్లోవాళ్లు చెప్పగలిగిన మాటలన్నీ దానితో పాటే పోతాయని తట్టలేదు.

ప్రయాణం సంగతీ అంతే. మోరోవిండ్‌లో ఊళ్ల మధ్య సిల్ట్ స్ట్రైడర్ అనే బ్రహ్మాండమైన పురుగు మీద కూర్చుని వెళ్లాలి. రేవుల మధ్య పడవలున్నాయి. మాంత్రికుల సంఘం వాళ్లకి డబ్బిస్తే ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి క్షణంలో పంపిస్తారు. మార్క్ మంత్రంతో ఒక చోటుకి గుర్తు పెట్టుకుంటే, రీకాల్ మంత్రంతో ఎక్కడి నుంచైనా అక్కడికి తిరిగి రావచ్చు. ఏది ఎక్కి ఎక్కడ దిగి ఏది పట్టుకోవాలో లెక్క వేసుకోవడంలోనే ఆ దేశం నాకు సొంతమైంది. ఇదంతా జాప్యమని రాశాను. ఆబ్లివియన్‌లో పెద్ద నగరాలన్నిటికీ మొదటి నుంచీ మ్యాప్ మీద నొక్కి వెళ్లిపోవచ్చు. పురుగూ లేదు, పడవల వాళ్లూ లేరు, మార్క్, రీకాల్ మంత్రాలూ లేవు.

ఇంకొకటి కూడా రాశాను. నా బలం పెరిగాక ఆట సులువైపోతోంది, కాబట్టి శత్రువులు కూడా నాతో పాటు పెరగాలి. దాని ఫలితం ఆబ్లివియన్ ఆడినవాళ్లందరికీ తెలుసు. మన స్థాయి బాగా పెరిగాక బాట పక్క దొంగ గ్లాస్ కవచం తొడుక్కుని వచ్చి 100 బంగారు నాణేలు ఇమ్మంటాడు. ఆ కవచం అమ్ముకుంటే వేలు వస్తాయి. మోరోవిండ్‌లో బలమైన శత్రువులుండే రెడ్ మౌంటెన్ వైపు తొందరపడి వెళ్లి ప్రాణాల మీదకి తెచ్చుకున్నాను. తర్వాత బలం కూడగట్టుకుని అదే దారిలో నిలబడగలిగాను. ఆ రెండింటి మధ్య ఉన్న తేడాయే నేను సంపాదించుకున్నది. దాన్నే తీసేయమని అడిగాను.

ఈ మాటలన్నీ మా అక్క కొడుకుతో అంటే వాడు ఒప్పుకోలేదు. అదే వరసలో ఆబ్లివియన్ తర్వాత వచ్చిన స్కైరిమ్ ఆడతాడు వాడు. “మావయ్యా, ఆఫీసు నుంచి వచ్చాక నాకు దొరికేది ఒక్క గంట. ఆ గంటంతా దారి వెతుక్కుంటూ కూర్చోమంటావా?” అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. బాణం తీసేయమని అడిగితే నా పాత పొరపాటే ఇంకో వైపు నుంచి చేసినవాణ్ణవుతాను.

రెండూ ఉండే వీలు ఉందని 2018లో వచ్చిన అస్సాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ అనే ఆట చూపించింది. అందులో గుర్తులు చూపించే పద్ధతి ఒకటి, ఫలానా ప్రాంతంలో ఫలానా దానికి దక్షిణంగా అని ఆనవాళ్లు మాత్రమే ఇచ్చే పద్ధతి ఒకటి. ఆడేవాళ్లు తమకి కావాల్సింది ఎంచుకుంటారు.

కాబట్టి ఇప్పుడు ఆటలు తయారుచేసేవాళ్లు ఎవరైనా అడిగితే నేను చెప్పేది పని చేసే వరస గురించి. ముందు దారిని మనుషుల నోట చెప్పించండి. కోట, లోయ, వంతెన, అన్నీ. దిక్సూచి మూసేసి, ఆ ప్రపంచం ఎన్నడూ చూడని మనిషి చేత ఆడించండి. ఊళ్లోవాళ్ల మాటలు విని అతను అక్కడికి చేరలేకపోతే ఆ మాటలు తిరగరాయండి, లేదా ఆ కొండకి గుర్తుపట్టే ఆకారం ఇవ్వండి. అతను చేరాకే బాణం పెట్టండి. మా మేనల్లుడి లాంటి వాళ్ల కోసం అది తప్పకుండా ఉండాలి.