పుట్టిన చోటే నా పని

నా పేరు సైక్లిక్ ఏఎంపీ, నేనొక అణువును. పెందుర్తిలో ఉంటున్న ఒక రిటైరైన స్టీల్‌ప్లాంటు ఉద్యోగి గుండె కండరంలో, ఒకానొక కణంలో నా కాపురం. కాపురమంటే ఏళ్ల తరబడి అనుకోకండి. పుట్టిన కాసేపటికే నా ఆయుష్షు తీరిపోతుంది. అందుకే ఇది నా ఒక్కదాని కథ కాదు, మా వంశం కథ.

మా అమ్మ ఏటీపీ. కండరంలో ఆమె ఉందని 1929లో లోకానికి చెప్పినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన కనుక్కున్న ఏడాదే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుక్కున్నారు. అమ్మ నుంచి రెండు ఫాస్ఫేట్లు విడిపోగా మిగిలినది తనలో తాను చుట్టుకుంటే, అదే నేను. నన్ను 1950లలో పట్టుకున్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. అడ్రినలిన్ లాంటి హార్మోను కణం గడప దాకానే వస్తుంది. ఆ కబురు లోపలికి చేరవేసేది నేను. నన్ను రెండో దూత అన్నది అందుకే.

మొన్న పొద్దున్న మా రిటైరైన ఉద్యోగి భార్యతో కలిసి విజయనగరంలో పెళ్లికి బయల్దేరారు. పెందుర్తి స్టేషను మెట్లెక్కుతుండగా రైలు కూత వినపడింది. ఆయన పరుగందుకున్నారు.

"ఏటండీ ఆ పరుగు! బండి ఇంకా రానేదు, మెల్లగా నడవండి" అని ఆవిడ వెనక నుంచి కేకేశారు.

అప్పటికే నరం కొసన విడుదలైన నారడ్రినలిన్ కణం పొర మీది బీటా-1 గ్రాహకాన్ని తాకింది. లోపలివైపున్న అడినైలైల్ సైక్లేజ్ అనే ఎంజైము మేలుకుంది. నేను పుట్టాను. కాల్షియం లోపలికొచ్చే ద్వారం పక్కనే పీకేఏ అనే ఎంజైము కాచుకుని ఉంది. అది అటూ ఇటూ పోకుండా ఏకేఏపీ అనే ప్రొటీను అక్కడే పట్టి ఉంచుతుంది. నేను తగలగానే పీకేఏ ఆ ద్వారం దగ్గర ఒక ఫాస్ఫేటు అంటించింది. కాల్షియం ఎక్కువగా వచ్చింది, గుండె గట్టిగా కొట్టుకుంది. మరోచోట నా తోబుట్టువులు ఫాస్ఫోలాంబాన్ అనే ప్రొటీను పట్టు సడలించాయి. కాల్షియం గబగబా తన నిల్వల్లోకి వెళ్లిపోయింది, గుండె కూడా అంతే వేగంగా వదులైంది. వదులవకపోతే మళ్లీ రక్తం నిండేదెలా?

నేను అంత దూరం తిరగలేదు. చందనోత్సవం నాడు సింహాచలం కొండ మీద కట్టే బారికేడ్ల లాంటివేవీ నా చుట్టూ లేవు. ఉన్నవి ఫాస్ఫోడైఎస్టరేజులనే ఎంజైములు. హద్దు దాటబోయిన నన్ను అక్కడికక్కడే విరిచి మామూలు ఏఎంపీగా మార్చేస్తాయి. వాటి మీద నాకు కోపం లేదు. అవే లేకపోతే కణమంతా పరుచుకుని, అవసరం లేనివాళ్లకి కూడా అదే కబురు చెప్పేసేదాన్ని.

చాలాకాలం నా మోతాదునే లెక్కపెట్టారు, చోటును పట్టించుకోలేదు. కానీ లారెన్స్ బ్రంటన్ లాంటివాళ్లు జంతువుల గుండెలకు ఐసోప్రొటరినాల్ అనే మందు ఇస్తే నేను పెరిగాను, గుండె బలంగా కొట్టుకుంది. ప్రోస్టాగ్లాండిన్ ఇ1 ఇచ్చినా పెరిగాను, కానీ కొట్టుకోవడంలో ఆ బలం రాలేదు. అంటే ఎంత పుట్టానన్నదే కాదు, ఎక్కడ పుట్టానన్నదీ ముఖ్యమే. 2002లో మాన్యుయెలా జక్కోలో, టుల్లియో పొజ్జాన్ బతికున్న గుండె కణాల్లో నేను చిన్న చిన్న చోట్ల గుమిగూడడం వెలుగు సాయంతో చూపించారు.

అదే మనిషి రక్తనాళం గోడలో పుట్టిన నేను కండరాన్ని బిగించను, సడలిస్తాను. అక్కడ నాకు తోడు నాలాంటిదే అయిన సైక్లిక్ జీఎంపీ. నాలుక కింద సార్బిట్రేట్ మాత్ర పెట్టుకున్నప్పుడు నైట్రిక్ ఆక్సైడు వల్ల పుట్టేది అదే.

గుండె నీరసించినప్పుడు మా హద్దులు చెదురుతాయి. బీటా-2 గ్రాహకాలు తమ చోటు వదిలి కణం పైభాగానికి చేరతాయనీ, నేను దిక్కూదరీ లేకుండా పరుచుకుంటాననీ 2010లో ఎలుకల కణాల్లో తేలింది. అంతకుముందు, నన్ను విరిచే ఎంజైమును ఆపే మిల్రినోన్‌ను తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు నోటి ద్వారా ఇచ్చి చూశారు. 1991లో ఫలితం వచ్చింది. మందు వేసుకున్నవాళ్లలో మరణాలు 28 శాతం ఎక్కువ. నన్ను పెంచడమే వైద్యమనుకోవడం పొరపాటు.

అందుకే ఇప్పుడు అలాంటి గుండెకు నా పుట్టుకను తగ్గించే మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు ఇస్తారు. ఆ మాత్ర వాడుతున్నవాళ్లకు నాదొక విన్నపం. ఒంట్లో బాగుందని దాన్ని ఉన్నపళంగా మానేయకండి. అన్నాళ్లూ మూతపడి ఉన్న గ్రాహకాలు ఒక్కసారిగా తెరుచుకుంటే నేను మితిమీరి పుడతాను, గుండెపోటు కూడా రావచ్చు. తగ్గించాలన్నా, ఆపాలన్నా డాక్టరుగారిని అడిగే చేయండి.