గాలితీగ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:
గాలి తీగ యొకటె గంపెడు జనమాయె
వంతు తప్పి యొకడు వలను లాగె
సుళ్ళు తిరుగు గుండు సున్నయె మిగిలెను
పంచి పెట్టు వాడె ప్రభువు సుమ్ము

అవతారిక: రైల్వే స్టేషన్లలో ఉచిత వైఫై 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌కు వచ్చి, ఆపై ఊరూరికీ పాకింది. ఒకానొక జంక్షన్‌లో, రైలు రెండు గంటలు ఆలస్యమని మైకు పలికిన ఉత్తరక్షణాన ప్లాట్‌ఫారమంతా ఆ వైఫై మీద పడింది. పీఎన్‌ఆర్ చూసుకోబోయి చూడలేకపోయిన కవి ఆశువుగా చెప్పిన పద్యమిది.

ప్రతిపదార్థం: గాలి తీగ = వైఫై; ఒకటె = ఒక్కటే; గంపెడు జనము = లెక్కకు మిక్కిలి ప్రయాణికులు; ఆయె = పోగైరి; వంతు తప్పి = హద్దు మీరి; ఒకడు = ఛార్జింగ్ పాయింటు పక్కన మకాం వేసిన మహానుభావుడు; వలను = అంతర్జాలమును; లాగె = మూడు గంటల సినిమా కొరకు గుంజుకొనెను; సుళ్ళు తిరుగు గుండు సున్నయె = తెర నడుమ గిరగిర తిరుగు చక్రమే; మిగిలెను = తక్కినవారికి దక్కెను; పంచి పెట్టువాడె = కొలిచి వడ్డించువాడే; ప్రభువు = దొర, ఇక్కడ రౌటరు; సుమ్ము = నమ్ముము.

తాత్పర్యం: ఒకడు సినిమా దించుకుంటే వందమంది సున్న చూశారు. మనుషుల మంచితనాన్ని నమ్ముకోక రౌటరే పంచవలెనని భావం.

విశేషాలు: 'గాలి తీగ' విరోధాభాస. తీగ లేకపోవడమే దాని గొప్ప. 'వల' శ్లేష. 'గుండు సున్న'ను కొందరు రూపకమన్నారు. కాదు, స్వభావోక్తి.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో రెండో పాదం 'వంతు తోనె యొకడు' అని ఉంది. మాకిదే సాధువుగా తోస్తున్నది. వైఫైలో ఒక చానల్ మీద మామూలుగా ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. ప్రతి ఫోనూ ముందు చెవి ఒగ్గి వింటుంది. గాలి ఖాళీ అయ్యాక మరి కాసేపు ఆగి, అప్పుడు నోరు విప్పుతుంది. అందుచేత వంతులు దాదాపు సమానమే. అన్యాయమంతా వంతు ఎంతసేపన్నదానిలో ఉంది. బావికి చేద ఒకటే, తలా ఒక బిందె అన్నారనుకోండి. చేతిలో సత్తువ లేనివాడు ఒక్క బిందె తోడేసరికి పదిమంది నీళ్ళ పొద్దు గడిచిపోతుంది. ప్లాట్‌ఫారం చివర, సిగ్నల్ అందీ అందని చోట నిలబడ్డ ఫోను అటువంటిది. సెకనుకు 11 మెగాబిట్లు పంపగల యంత్రాల నడుమ 1 మెగాబిట్ యంత్రం ఒక్కటి చేరితే చాలు, అన్నీ ఆ ఒకటి కంటే కిందికే దిగిపోతాయని గ్రెనోబుల్ పండితులు 2003లో చూపించారు. కాబట్టి బిందెలు కాదు, చేద చేతిలో ఉన్న సేపు లెక్కపెట్టాలి.

పూర్వపక్షం: దూరాన నిలబడ్డవాడి పాపమేమి?

సమాధానం: పాపమేమీ లేదు. అందరితో సమానంగా అతడికీ సమయం దక్కుతుంది. అందరినీ తన నడకకు దింపే హక్కు మాత్రం పోతుంది.

'ఒకడు' అని ఏకవచనమేల? డౌన్‌లోడ్ యాప్ పది కనెక్షన్లు తెరిస్తే, కనెక్షన్‌కింత అని పంచే రౌటరు పదిమంది వచ్చారనుకుంటుంది. బంతిలో ఒక్కడే పది విస్తళ్ళు పరుచుకోవడమిది. విస్తరిని కాదు, మనిషిని లెక్కపెట్టమని కవి హృదయం. పూర్వాచార్యుడు జాన్ నేగల్ 1985లోనే సూత్రం చెప్పాడు: పంపేవారికి ఒక్కొక్కరికి వేరే వరుస పెట్టు, వరుసకొకటి చొప్పున తియ్యి. అప్పుడు ఎక్కువ కుక్కినవాడి వరుసే పొడుగవుతుంది, పక్కవాడి పీఎన్‌ఆర్ ఆగదు.

నిర్ణయం: ప్రయాణికుడు దోషి కాడు, దొరికినంత తీసుకోవడం ఆకలి ధర్మం. గరిటె చేతిలో ఉండీ కొలవని ప్రభువుదే దోషం. ఇలాంటి కొలతలు నేటి రౌటర్లు కొన్నింటిలో ఉన్నాయి. ఆన్ అయి లేకపోతే ఎవరో ఒకరు సెట్టింగుల్లోకి వెళ్ళి ఆన్ చేయాలి, అంతే.

కవిగారి పేజీ రైలొచ్చేదాకా తెరుచుకోలేదు. టీటీఈని అడిగి తెలుసుకున్నారు: వెయిటింగ్ లిస్టు 3.