సుడో అన్నా పలకని స్పీకరు

ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించడం అరగంట పని. ఎక్కించాక ఆ పెట్టెను మళ్లీ ల్యాప్‌టాప్‌గా మార్చుకోవడం ఇంత సేపని చెప్పలేని పని. చెప్పగలనన్నవాడు ఇంకా సౌండ్ దాకా రాలేదని అర్థం. ఇన్‌స్టాల్ పూర్తయిందని తెర మీద పడుతుంది, పెన్‌డ్రైవ్ పీకి ఎంటర్ కొట్టమంటుంది, యంత్రం ఆగి లేస్తుంది, సున్నం వేసిన కొత్తింటి గోడలా శుభ్రమైన తెర కనిపిస్తుంది. బాణం కదులుతుంది, కీబోర్డు మాట వింటుంది. పైన కుడిమూల వైఫై గుర్తు ఉండాల్సిన చోట మాత్రం ఏమీ ఉండదు. గుర్తు మీద గీత కొట్టి ఉండటం కాదు, అసలు గుర్తే ఉండదు. లైనక్స్ లెక్క ప్రకారం ఈ ల్యాప్‌టాప్‌కు వైఫై అనే అవయవం పుట్టుకతోనే లేదు.

విండోస్‌తో అమ్మే ల్యాప్‌టాప్‌లో ప్రతి భాగానికీ డ్రైవర్‌ను తయారీదారే కూర్చి పంపుతాడు. డ్రైవర్ అంటే ఇక్కడ బండి తోలేవాడు కాదు, దుబాసీ. ఆపరేటింగ్ సిస్టమ్‌ది ఒక భాష, చిప్‌ది ఇంకో భాష. ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేది డ్రైవర్. లైనక్స్‌లో ఈ దుబాసీలు చాలావరకు దాని గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే కాపురం ఉంటారు. మొదట్లో ఆ ఇల్లు చాలా చిన్నది. 1991 ఆగస్టు 25న హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన కొత్త సిస్టమ్ గురించి లోకానికి చెప్పినప్పుడే, అది ఏటీ హార్డ్ డిస్కులు తప్ప వేరేవాటితో బహుశా ఎప్పటికీ పనిచేయదని, తన దగ్గరున్నవి అవేనని ముందే ఒప్పుకున్నాడు. అంటే హార్డ్‌వేర్ బాధ లైనక్స్‌కు తర్వాత తగులుకున్నది కాదు, పురిట్లోనే వచ్చింది.

ఆ తర్వాత వేలమంది చేతులు పడి డ్రైవర్లు చేరాయి. చిప్ చేసినవాళ్లు పత్రాలిస్తే అవి చదివి రాశారు. ఇవ్వకపోతే, కంపెనీ సొంత డ్రైవర్ ఆ చిప్‌తో ఏమేం మాట్లాడుతోందో కూపీ లాగి రాశారు. పాత బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌ల డ్రైవర్ అలా పుట్టినదే. ఆ కంపెనీ తనంతట తానుగా ఓపెన్ డ్రైవర్ ఇచ్చింది 2010 సెప్టెంబరులో.

దుబాసీ ఉన్నా పని జరగని సందర్భం ఒకటుంది, అది ఫర్మ్‌వేర్ లేకపోవడం. వైఫై చిప్ తనే ఓ చిన్న కంప్యూటర్. స్విచ్ వేసిన ప్రతిసారీ దానికో ప్రోగ్రాం తినిపిస్తే గానీ లేవదు. ఆ ప్రోగ్రాం ఫైళ్లు లైనక్స్‌లో ‘లిబ్’ ఫోల్డర్ లోపలి ‘ఫర్మ్‌వేర్’ ఫోల్డర్‌లో ఉంటాయి, లేదా ఉండాలి. వాటి సోర్స్ కోడ్ బయటికి రానిది కనుక, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద పట్టుదల ఉన్న, లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ వాళ్లు చాలాకాలం వాటిని ఇన్‌స్టాల్ డిస్కులో ఉంచకుండా పక్క గదిలో పెట్టారు. ఆ గదికి దారి ఇంటర్నెట్. ఇంటర్నెట్‌కు దారి వైఫై. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసుకుని మరీ నియమం సడలించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ డిస్కులోనే ఉంటోంది. ఉబుంటు, ఫెడోరా, మింట్ లాంటివి ఈ మడి ఆచారం ముందునుంచీ అంతగా పాటించలేదు.

ఈ చిక్కుముడికి చవకైన విరుగుడు జేబులోనే ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే చాలు. లైనక్స్ దాన్ని తీగతో వచ్చిన నెట్‌వర్క్ అనుకుంటుంది, కొత్తగా ఏ డ్రైవరూ అడగదు. నొక్కడానికి ఆ బటనే వెలగకపోతే తప్పు లైనక్స్‌ది కాదు, కేబుల్‌ది. కొన్ని కేబుళ్లు కరెంటు మోస్తాయి, సమాచారం మోయవు. బయటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. తేడా తెలిసేది రాత్రి పదకొండు తర్వాత, దుకాణాలు మూశాక.

నెట్ వచ్చాక చేయాల్సిన మొదటి పని భాగం అసలు పేరు తెలుసుకోవడం. మూత మీద మెరిసే బ్రాండు పేరు ఇక్కడ చిల్లిగవ్వకు కొరగాదు. ఒకే మోడల్ పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లలో ఒక విడతలో ఒక వైఫై కార్డు, ఇంకో విడతలో ఇంకోటి ఉండొచ్చు. కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ అని కొడితే లోపలి కుటుంబమంతా వరుసగా నిలబడుతుంది. ‘ఎన్ఎన్‌కే’ అని పక్కన తోక చేరిస్తే ప్రతి భాగానికీ రెండు సంకేతాలు కనిపిస్తాయి. మొదటిది ఇంటిపేరు, రెండోది పేరు. ఇంటెల్ వాళ్ల ఇంటిపేరు 8086, అంటే 1978లో వచ్చిన వాళ్ల ప్రాసెసర్ నంబరే. కిందనే ‘వాడుతున్న కెర్నెల్ డ్రైవర్’ అనే వరుస ఉంటే దుబాసీ దొరికినట్టు. ఆ వరుసే లేకపోతే చిప్ మాట్లాడుతూనే ఉంది, వినే నాథుడు లేడు. ఆ రెండు సంకేతాలు పట్టుకుని వెతికినవాడికి పది నిమిషాల్లో దారి దొరుకుతుంది. ‘నా ల్యాప్‌టాప్‌లో వైఫై రావట్లేదు, అర్జెంటు’ అని వెతికినవాడికి తనలాంటివాళ్లు దొరుకుతారు.

డ్రైవర్ ఉండి, ఫర్మ్‌వేర్ ఉండి, అయినా వైఫై రానప్పుడు ‘ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్’ అనే కమాండు ఉంది. అది రెండే ముక్కలు చెబుతుంది: సాఫ్ట్ బ్లాక్, హార్డ్ బ్లాక్. మొదటిదాన్ని ‘ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్’ అంటే తీసేయొచ్చు. రెండోదాని ఎదురుగా ‘ఎస్’ అని ఉంటే ఏ కమాండూ పనిచేయదు. ముందు ‘సుడో’ అనే అధికార ముద్ర పెట్టినా, గట్టిగా కొట్టినా అంతే. అప్పుడు ల్యాప్‌టాప్‌ను ఎత్తి అంచులు తడమాలి. పాత మోడళ్లలో ముందువైపో పక్కనో గోరంత స్విచ్ ఒకటి ఉంటుంది. సంచిలో పెట్టేటప్పుడు ఎప్పుడో అది జరిగి ఉంటుంది. మూడు సాయంత్రాలు డ్రైవర్లు మార్చి, రెండుసార్లు సిస్టమ్ మొత్తం మళ్లీ ఎక్కించి, చివరికి బొటనవేలితో స్విచ్‌ను అరసెంటీమీటరు జరిపి వైఫై తెచ్చుకున్నవాళ్లు ఆ సంగతి సాధారణంగా ఇంట్లో చెప్పరు.

కొన్ని చిప్‌లకు డ్రైవర్ కెర్నెల్‌లో ఉండదు, బయటినుంచి తెచ్చి కట్టుకోవాలి. ఇక్కడ సెక్యూర్ బూట్ అనే ద్వారపాలకుడు అడ్డం వస్తాడు. సంతకం లేని డ్రైవర్‌ను లోపలికి రానివ్వడు. అందుకని ఉబుంటు లాంటివి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటాయి. కొత్తవాడు ఏదో ఒకటి కొట్టి, కొట్టిన మరుక్షణం మరిచిపోతాడు. యంత్రం ఆగి లేచేటప్పుడు నీలిరంగు తెర ఒకటి వస్తుంది. నీలిరంగు తెర అంటే విండోస్ వాడినవాళ్లందరికీ ఒకటే అర్థం. వదిలేసిన విండోస్ పగ తీర్చుకోవడానికి వచ్చిందని కంగారు పుడుతుంది. ఏదైనా మీట నొక్కమని ఆ తెర పది సెకన్లు లెక్కపెడుతుంది. ఊరుకుంటే తన దారిన తాను పోతుంది. నొక్కినా మెనూలో మొదటి వరుస ‘బూట్ కొనసాగించు’ అనే ఉంటుంది, భయంలో వేలు దాని మీదే పడుతుంది. నొక్కాల్సింది దాని కిందిది, తాళంచెవి నమోదు చేసేది. ఆ పైన అడిగేది ఇందాక మరిచిపోయిన పాస్‌వర్డే.

ఇలా బయటినుంచి తెచ్చిన డ్రైవర్ కెర్నెల్ మారినప్పుడల్లా మళ్లీ కట్టించుకోవాలి. డీకేఎంఎస్ అనే ఏర్పాటు ఉంటే ఆ పని దానంతట అదే జరుగుతుంది. లేకపోతే అప్‌డేట్ చేసిన మర్నాడు వైఫై మాయమవుతుంది. అప్పుడు బూట్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్’ అనే వరుసలోకి వెళ్లి పాత కెర్నెల్‌ను ఎంచుకుంటే పోయిన వైఫై తిరిగొస్తుంది. పాత కెర్నెల్‌ను లైనక్స్ వెంటనే పారేయదు, అటక మీద దాచి ఉంచుతుంది. మన ఇళ్లలో అటకల మీద ఉన్నవాటికి ఇంత ఉపయోగం ఎప్పుడూ కనబడలేదు.

ఇక సౌండ్. లైనక్స్‌లో శబ్దం ఒక్క చేతి మీదుగా రాదు. అడుగున ఆల్సా ఉంటుంది, దాని మీద పల్స్ఆడియో గానీ పైప్‌వైర్ గానీ కూర్చుంటుంది. ఫెడోరా 2021లో పైప్‌వైర్‌కు మారింది, మిగతావాళ్లూ చాలామంది అటే నడిచారు. పాట పెడితే గీత ముందుకు జరుగుతుంది, స్పీకరు పలకదు. సెట్టింగ్స్‌లో చూస్తే శబ్దం నూటికి నూరు. నిజమే, పాట పాడుతూనే ఉంది, కాకపోతే హెచ్‌డీఎంఐ తీగ మీదుగా, తగిలించని టీవీకి. అవుట్‌పుట్ మారిస్తే తేలిపోతుంది. అప్పటికీ తేలకపోతే టెర్మినల్‌లో ‘ఆల్సామిక్సర్’ కొట్టాలి. నల్లతెర మీద నిలువు స్తంభాలు లేస్తాయి. వాటి అడుగున రెండు అక్షరాలుంటాయి: ‘ఎంఎం’ అంటే నోరు మూసినట్టు, రెండు సున్నాలంటే తెరిచినట్టు. బాణం మీటతో ఆ స్తంభం దగ్గరికి వెళ్లి ‘ఎం’ నొక్కితే మూత తెరుచుకుంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఆల్సామిక్సర్ ఒక్క మీటతో నేర్పుతుంది. ‘ఆటోమ్యూట్’ అనేది ఆ వరుసలోనే ఎక్కడో దాక్కుంటుంది. హెడ్‌ఫోన్ పెట్టకపోయినా పెట్టారనుకుని అది స్పీకరు నోరు నొక్కేస్తుంటుంది. మైకు ఒక్కటే పనిచేయకపోతే అనుమానించాల్సింది ‘సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్’ ప్యాకేజీ లేదేమోనని. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటి మైకులు అది లేనిదే వినవు.

టచ్‌ప్యాడ్ మీద తడితే క్లిక్ కావడం లేదన్నది ఫిర్యాదే కాదు, సెట్టింగ్స్‌లో ఒక మీట. కెమెరా ఎక్కువసార్లు అడక్కుండానే పనిచేస్తుంది. వేలిముద్ర చదివే గీత పనిచేయడం పెట్టి పుట్టినవాళ్లకే.

వెలుగు తగ్గించే మీటల కథ వేరు. నొక్కితే తెర మీద సూర్యుడి బొమ్మ వస్తుంది, గీత తగ్గుతుంది, తెర మాత్రం కళ్లలో పొడుస్తూనే ఉంటుంది. దీని మూలం యంత్రాన్ని మొదట లేపే బయాస్ అనే ప్రోగ్రాంలో ఉంటుంది. యంత్రం లేచేటప్పుడు బయాస్ రాసినవాళ్ల కోడు ‘నువ్వు ఫలానా విండోస్‌వా?’ అని అడుగుతుంది. లైనక్స్ ‘అవును’ అంటుంది. ‘నువ్వు లైనక్స్‌వా?’ అని అడిగితే ‘కాదు’ అంటుంది. ఇది హాస్యానికి చెప్పిన మాట కాదు, కెర్నెల్ కావాలని చేసే పనే. చాలా బయాస్‌లను విండోస్‌తో మాత్రమే పరీక్షించి వదిలారు కనుక, ఇంకేదైనా పేరు చెబితే పరీక్షించని దారిలో పడేస్తాయి. విరాటుడి కొలువులో పాండవులు పడ్డ పాట్లన్నీ లైనక్స్ రోజూ పడుతుంది, ఏడాదితో తీరేది కూడా కాదు. ఈ మారువేషంలో ఎక్కడో తేడా వస్తే వెలుగు మీటల లాంటివి తప్పుడు తలుపు తడతాయి. కెర్నెల్‌కు బూట్ సమయంలో ‘ఏసీపీఐ బ్యాక్‌లైట్’ అనే చీటీ రాసి, ‘నేటివ్’ అనో ‘వెండర్’ అనో చెప్పి చూడటమే వైద్యం. ఏది పనిచేస్తుందో తెలిసేది రెండూ వేసి చూశాకే.

గ్రాఫిక్స్ విషయంలో కొత్తవాడి కోపం కొత్తది కాదు. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో టోర్వాల్డ్స్ గ్రాఫిక్స్ చిప్‌లు చేసే ఎన్విడియా సహకారం గురించి అడిగిన ప్రశ్నకు కెమెరా వైపు తిరిగి మధ్యవేలు చూపించాడు. అదే కంపెనీ 2022 మేలో తన కెర్నెల్ మాడ్యూళ్ల సోర్స్ బయటపెట్టింది. ఈలోగా నల్లతెర ముందు కూర్చున్నవాళ్లకు ‘నోమోడ్‌సెట్’ అనే పదమే గతి. బూట్ వరుసలో అది చేరిస్తే బొమ్మ పలచగా, ముతకగా వస్తుంది. డ్రైవర్ ఎక్కించుకునేంతవరకు అది చాలు.

నిద్ర గురించి ఒక ముక్క. మూత మూస్తే ల్యాప్‌టాప్ పడుకుందనుకుని సంచిలో పెడతారు. రెండు గంటల తర్వాత సంచి ఇస్త్రీపెట్టెలా ఉంటుంది, బ్యాటరీ సున్నా. ‘సిస్’ ఫోల్డర్‌లో ‘పవర్’, దాని లోపల ‘మెమ్ స్లీప్’ అనే చిన్న ఫైలు తెరిస్తే రెండు పేర్లుండొచ్చు: ‘ఎస్2ఐడిల్’, ‘డీప్’. చదరపు కుండలీకరణంలో ఉన్నదే ప్రస్తుతం నడుస్తున్నది. మొదటిది కోడినిద్ర, రెండోది కుంభకర్ణుడిది. రెండో పేరు కనిపిస్తే మార్చుకోవచ్చు. కనిపించకపోతే తయారీదారే ఆ నిద్రను తీసేశాడు, మూత మూసే బదులు షట్‌డౌన్ చేసుకోవాలి.

విండోస్‌ను పక్కనే ఉంచుకున్నవాళ్లకు ఇంకో విచిత్రం. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీతో నడిచే చిన్న గడియారం ఉంటుంది. లైనక్స్ అందులో ప్రపంచ ప్రామాణిక సమయం రాస్తుంది, విండోస్ దాన్ని ఊరి సమయమనుకుని చదువుతుంది. ఇంగ్లండ్‌లో చలికాలమంతా ఈ తేడా ఎవరికీ తెలియదు. మన దగ్గర తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. లైనక్స్ వాడి, ఉదయం పదింటికి విండోస్ తెరిస్తే బ్రాహ్మీ ముహూర్తం చూపిస్తుంది. ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ కమాండుతో స్థానిక సమయమే రాయమని లైనక్స్‌కు చెబితే తగువు తీరుతుంది.

మిగిలింది ప్రింటరు. నిజానికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గొడవంతా మొదలైందే ప్రింటరు దగ్గర. ఎంఐటీ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ పాత ప్రింటరు ప్రోగ్రాంను సరిచేసి, కాగితం ఇరుక్కుంటే ఎదురుచూస్తున్నవాళ్లకు కబురందేలా చేశాడు. తర్వాత వచ్చిన లేజర్ ప్రింటరుకు సోర్స్ కోడ్ ఇవ్వలేదు. అడిగితే, ఎవరికీ ఇవ్వబోమని మాటిచ్చామంటూ కాదన్నారు. ఆ కడుపుమంట 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రకటన దాకా నడిచింది. ఇప్పుడు వైఫై ఉన్న చాలా ప్రింటర్లకు డ్రైవరే అక్కర్లేదు. ప్రింటు అనగానే జాబితాలో అవే ప్రత్యక్షమవుతాయి. కాగితం ఇరుక్కుందని తెర మీద కబురూ వస్తుంది. లాగడం మాత్రం చేత్తోనే.