ఈగిల్ హార్బర్ అడుగున ఉన్న క్రియోజోట్‌కు బహిరంగ లేఖ

క్రియోజోట్,

నీ పేరు తెలియనివాళ్లకు కూడా నీ వాసన తెలుసు. పాత రైలు పట్టాల కింద నల్లటి చెక్క స్లీపర్లు ఎండకు కాగినప్పుడు ముక్కుపుటాలకు తగిలే ఘాటు నీదే. బొగ్గు తారును కాచి దించితే వచ్చే నూనెవి నువ్వు. చెదలు, బూజు, చెక్కను తొలిచే సముద్రపు పురుగులు అంత తేలిగ్గా నీ జోలికి రావు. అందుకే మనుషులు నిన్ను కోరి తెచ్చుకున్నారు. తప్పంతా నీదే అని నేననను. కానీ నిన్ను వదిలించుకోవడం ఎంత కష్టమో తెచ్చుకున్నవాళ్లు ఆలోచించలేదు. ఆ ఖర్చు ఒక చేప కాలేయం మీద పడింది.

సియాటిల్లో ఫెర్రీ ఎక్కితే ముప్పై అయిదు నిమిషాల్లో బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపం. ఇక్కడ ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లం ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే తప్పకుండా తీసుకెళ్లే చోటు. ఫెర్రీ ఈగిల్ హార్బర్‌లోకి మలుపు తిరిగేటప్పుడు అందరూ కొండలనూ పడవలనూ ఫొటోలు తీసుకుంటారు. ఎడమవైపు బిల్ పాయింట్‌ను ఎవరూ పట్టించుకోరు. 1900ల తొలి ఏళ్ల నుంచి 1988 దాకా అక్కడ కలపకు నిన్ను పట్టించే కర్మాగారం నడిచింది. దుంగలను పెద్ద ఇనుప సిలిండర్లలో పెట్టి, నిన్ను వేడిచేసి, ఒత్తిడితో లోపలికి ఎక్కించేవారు. బయటికి తీశాక అవి కారుతూ ఉండేవి. అలా కారిన నువ్వు నేలలోకి ఇంకావు, నేల నుంచి రేవులోకి దిగావు. నీటికన్నా బరువు కాబట్టి తేలి కొట్టుకుపోలేదు. అడుగుకు చేరి బురదలో స్థిరపడ్డావు.

ఆ బురదే ఇంగ్లిష్ సోల్ ఇల్లు. పేరులో ఇంగ్లండు ఉన్నా ఇది అమెరికా పశ్చిమ తీరపు చేప, మన కోస్తా వాళ్లు నాలుక చేప అని పిలిచే చేపలకు దూరపు చుట్టం. పిల్లగా ఉన్నప్పుడు మిగతా చేపల్లాగే నిటారుగా ఈదుతుంది, కళ్లు చెరో వైపు ఉంటాయి. కొన్ని వారాలకు ఎడమ కన్ను తల మీదుగా కుడివైపుకు జరుగుతుంది, ఒళ్లు చదునవుతుంది, పిల్ల అడుగుకు దిగుతుంది. ఇక బతుకంతా అక్కడే. ఒంటిని ఇసుకలో పూడ్చుకుని కళ్లు మాత్రం బయట పెడుతుంది. బురదలోని పురుగులను, చిన్న ఆల్చిప్పలను ఏరుకుని తింటుంది. చలికాలంలో గుడ్లు పెట్టడానికి దూరం వెళ్లినా, తిరిగి తన పాత చోటికే వస్తుంది. ఆ అలవాటే దాన్ని నీకు పట్టించింది.

నువ్వు చేసే పని కంటికి కనిపించదు, నాకు కోపం వచ్చేది అక్కడే. ఆల్చిప్ప ఒంట్లో నువ్వు అలాగే పేరుకుపోతావు కాబట్టి పరీక్షిస్తే దొరికిపోతావు. చేప మాత్రం నిన్ను వదిలించుకోవాలని చూస్తుంది. నీలోని పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లను దాని కాలేయం విడగొట్టి పిత్తంలోకి పంపేస్తుంది. అందుకే కండను కోసి పరీక్షిస్తే దాదాపు ఏమీ దొరకదు. ఆ విడగొట్టే పనిలోనే పుట్టే ముక్కలు కొన్ని కాలేయ కణాల డీఎన్ఏకు అతుక్కుంటాయి. చేప తనను తాను కాపాడుకోబోయి క్యాన్సర్ తెచ్చుకుంటుంది.

1980ల నడుమ అమెరికా సముద్ర మత్స్య శాస్త్రవేత్తలు ఈ రేవులో సోల్ చేపలను పట్టి చూస్తే నాలుగింట ఒక వంతుకు పైగా కాలేయ కణుతులతో ఉన్నాయి. చాలా ఆడచేపల్లో గుడ్లు ఎదగాల్సిన కాలంలో ఎదగలేదు. నువ్వే కారణమని ఎలా చెప్పగలరని అడిగేవాళ్లు ఉంటారని తెలిసి, ఆ బురద సారాన్ని తీసి ఆరోగ్యంగా ఉన్న చేపలకు ఎక్కించి చూశారు. వాటి కాలేయాల్లోనూ అలాంటి మార్పులే కనిపించాయి.

1987లో ఈ చోటు అమెరికా ప్రభుత్వం శుభ్రం చేయించాల్సిన కలుషిత స్థలాల జాబితా అయిన సూపర్‌ఫండ్‌కెక్కింది. 1993-94లో స్నోహోమిష్ నదిలో తవ్వి తీసిన శుభ్రమైన మట్టిని తెచ్చి, రేవు అడుగున 54 ఎకరాల మేర సుమారు మూడడుగుల మందాన నీ మీద కప్పారు. ఆ తర్వాత జరిగింది చదువుతూ ఉంటే నాకు కళ్లు చెమర్చాయి. చేపల పిత్తంలో నీ జాడ తగ్గింది. కొన్నేళ్లలో కాలేయ రోగం దాదాపు శుభ్రమైన చోట్ల చేపల స్థాయికి వచ్చింది. సముద్రం చెడితే ఇక అంతే, బాగుపడదు అని చేతులు దులుపుకునేవాళ్లందరికీ నేను ఈ రేవునే చూపిస్తాను.

అయినా నువ్వు పోలేదు. బిల్ పాయింట్ నేల కింద ఇంకా లక్షల లీటర్లున్నావు. నిన్ను ఆపడానికి ఉక్కు పలకల గోడ దించారు, ఉప్పునీరు ఆ ఉక్కును తినడం మొదలుపెట్టింది. భూగర్భజలాన్ని తోడి శుద్ధి చేస్తూనే ఉండాల్సి వచ్చింది. చివరికి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ, నువ్వున్న నేలలో సిమెంటు కలిపి నిన్ను గట్టిపరచాలని నిర్ణయించింది. ఆ పని ఆలస్యం కాకూడదని, డబ్బు చాలలేదని సగంలో ఆగకూడదని నా గట్టి కోరిక. నువ్వు రాయిలా మారాక కూడా, ఆ రేవులో సోల్ చేపలను పట్టి పిత్తం పరీక్షించడం మానకూడదు. నీళ్లు తేటగా ఉన్నాయని, కండ శుభ్రంగా ఉందని ఎవరైనా నివేదిక ఇస్తే, కాలేయం చూశారా అని అడిగేవాళ్లు ఈ ఒడ్డున ఉంటారు. నేనూ ఒకడిని.